జావా పల్లెటూళ్లో పొలం కొనొచ్చా? ఇండోనేషియా గ్రామంలో బతుకు, భూమి సంగతులు

బాలీ, జావా చూసొచ్చిన మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "అక్కడ పల్లెటూళ్లో అర ఎకరం పొలం, చిన్న ఇల్లు కొనుక్కుని ఉండిపోవచ్చా? ఖర్చు తక్కువటగా?" ఖర్చు తక్కువే. కానీ ఉండటం వేరు, కొనడం వేరు. ఈ రోజు ఆ రెండూ మాట్లాడుకుందాం.

నేను చెప్పేది నాకు తెలిసిన ఊరి గురించి. మా ఆవిడది మధ్య జావాలో క్లాతెన్ జిల్లా. యోగ్యకర్తా, సోలో నగరాల మధ్య, మెరాపి అగ్నిపర్వతం పక్కన ఉంటుంది. బూడిద కలిసిన నేల, కాలవ నీళ్లు, ఏడాదికి రెండు మూడు పంటలు. కొబ్బరిచెట్లు, గట్లు, నారుమళ్లు... చూపుకు అచ్చం కోనసీమే.

ముందు పొలం ఎంతుంటుందో చూడండి. అర హెక్టారు, అంటే మన ఎకరం పావు కంటే తక్కువ సాగు చేసే రైతును అక్కడ "పెతాని గురెమ్" అంటారు. 2023 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద రైతు కుటుంబాల్లో 60 శాతానికి పైగా ఇలాంటివాళ్లే. పదేళ్ల కిందట 55 శాతం ఉండేవాళ్లు. మా మామగారికి ఉన్నది 2,000 చదరపు మీటర్లు, 50 సెంట్లకు కాస్త తక్కువ. పిల్లలు ముగ్గురు. పంచితే తలా 16 సెంట్లు.

దాని మీద ఏం వస్తుంది? 2025 జనవరి నుంచి ప్రభుత్వ ధాన్యం ధర కిలోకి 6,500 రుపియాలు. ఆ 50 సెంట్లలో పంటకి టన్ను ధాన్యం అనుకోండి, 65 లక్షల రుపియాలు. లక్షలనగానే కళ్లు పెద్దవి చేసుకోకండి, మన డబ్బులో అది సుమారు 35 వేలు. అందులోంచే దుక్కి, ఎరువు, కోత కూలి పోవాలి. పొలం లేనివాళ్లు వేరేవాళ్ల పొలం సగం పాలుకి చేస్తారు. దాన్ని "మారో" అంటారు. కొందరు కోత దాకా ఆగకుండా నిలబడ్డ చేనునే వ్యాపారికి అమ్మేస్తారు. మన దగ్గర మామిడితోట గుత్తకిచ్చినట్టే.

అందుకే కుర్రాళ్లు ఊళ్లో ఉండరు. మా బావమరిది జకార్తా దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఊళ్లో కొత్తగా లేచిన టైల్స్ ఇల్లు కనిపించిందంటే, ఆ ఇంటి అమ్మాయి తైవాన్‌లోనో హాంకాంగ్‌లోనో ఇంటిపనికి వెళ్లిందేమో అనుకోవచ్చు. కువైట్ డబ్బుతో కట్టిన ఇళ్లు మనకు తెలియనివా?

ఇప్పుడు అసలు సంగతి, భూమి. 1960 నాటి 5వ నంబరు భూమి చట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు, "హక్ మిలిక్", అక్కడి పౌరులకే. విదేశీయుడికి లేదు. అప్పుడు ఎవరో ఒకాయన వచ్చి, "నా పేరు మీద కొందాం సార్, లోపల ఒప్పందం రాసుకుందాం" అంటాడు. మన భాషలో బినామీ. అదే చట్టం 26వ అధికరణ ఏమంటుందో వినండి. పౌరుడు కానివాడికి నేరుగా గానీ చాటుగా గానీ హక్ మిలిక్ మార్చే అమ్మకం చెల్లదు. భూమి ప్రభుత్వానికి పోతుంది. కట్టిన డబ్బు తిరిగి అడగడానికి వీల్లేదు. మీ రిటైర్మెంట్ డబ్బు మొత్తం ఒక మనిషి మంచితనం మీద పెడుతున్నారన్నమాట. ఆ మనిషి మంచివాడే అనుకుందాం. ఆయన పోయాక ఆయన పిల్లలో?

"అక్కడి అమ్మాయిని చేసుకుంటే సరిపోతుందిగా" అంటారు కొందరు. అక్కడా మెలిక ఉంది. పెళ్లయ్యాక కొన్న ఆస్తి ఇద్దరి ఉమ్మడి ఆస్తి. అందులో విదేశీ భర్తకు భాగం ఉంటుంది కాబట్టి, హక్ మిలిక్ భార్యకు కూడా ఇబ్బందిలో పడుతుంది. విదేశీయుడికి అలా దక్కిన హక్కును ఏడాదిలోపు వదులుకోవాలి. అందుకే ఆస్తులు వేరువేరని ఒప్పందం రాసుకుంటారు. మేము పెళ్లికి ముందే రాసుకున్నాం. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు తర్వాత పెళ్లయ్యాక కూడా రాసుకోవచ్చు.

ఇక్కడ నివాసముండే విదేశీయుడికి ఇంటి కోసం "హక్ పకాయ్" అనే వినియోగ హక్కు ఇస్తారు. 30 ఏళ్లు, పొడిగింపులతో 80 దాకా. కానీ ప్రాంతానికో కనీస ధర పెట్టారు, పల్లెటూరి ఇల్లు ఆ దరిదాపుల్లో ఉండదు. ఇంక వరి పొలమైతే, సొంత దేశం వాళ్లకే ఆంక్షలున్నాయి. యజమాని పొలమున్న మండలంలోనే ఉండాలని 1961 నుంచి నిబంధన. సాగుభూమిని ఇళ్ల స్థలాలుగా మార్చకుండా 2009లో ఇంకో చట్టం తెచ్చారు.

చవగ్గా వస్తోందంటే రెండు విషయాలు చూడాలి. ఒకటి, "గిరిక్" కాగితం. అది పాతకాలపు పన్ను రికార్డు, పట్టా కాదు. రెండు, "బెంకొక్" భూమి. ఊరి పెద్దలకు జీతం బదులు ఇచ్చే పొలం, మన కరణం, మునసబుల ఇనాం భూముల్లాంటిది. సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవడానికి లేదు.

మరి ఆ ఊళ్లో ఉండటం ఎలా ఉంటుంది? నాకు బాగా నచ్చుతుంది, ఆ మాట దాచను. కానీ ఎవరికీ పట్టకుండా ప్రశాంతంగా ఉండాలనుకునేవాళ్లకు కుదరదు. చుట్టమొచ్చినా 24 గంటల్లో వీధి పెద్దకు చెప్పాలి, ఆ బోర్డు ఊరి మొదట్లోనే ఉంటుంది. మగవాళ్లు వంతులవారీగా రాత్రి కాపలాకు వెళ్లాలి. కాలవ పూడిక తీతకు ఇంటికొకరు రావాలి, దాన్ని "గోతోంగ్ రోయోంగ్" అంటారు. ఆడవాళ్ల చిట్టీ పాటకు "అరిసాన్" అని పేరు. ఇంక పెళ్లిళ్ల నెల వచ్చిందంటే చదివింపులు! ఎవరెంత ఇచ్చారో మా అత్తగారు పుస్తకంలో రాసుకుంటుంది. బియ్యం, చక్కెర కూడా రాస్తుంది. మళ్లీ వాళ్లింట్లో శుభకార్యమైతే అంతకు తగ్గకుండా పెట్టాలి. పంట డబ్బులు చేతికి రాకముందే అటు వెళ్లిపోయిన నెలలున్నాయి. ఖర్చు తక్కువ అని లెక్కవేసేవాళ్లు ఈ పుస్తకాన్ని లెక్కలో వేయరు.

భూమి ధర పెరగదా అంటే, రోడ్డు పక్కన పెరుగుతుంది. సోలో నుంచి యోగ్యకర్తా టోల్ రోడ్డు క్లాతెన్ పొలాల్లోంచే వెళ్తోంది. దారిలో పడ్డవాళ్లకు పరిహారం వచ్చింది. మా మామగారి మడి దానికి దూరం. బావమరిది అమ్మేద్దామంటాడు, 16 సెంట్లతో ఏం చేస్తామని. మా ఆవిడ వద్దంటుంది. పెద్దాయన ఏమీ అనడు, పొద్దున్నే పార పట్టుకుని వెళ్లిపోతాడు. ఆ పొలం ఇంకా పంచలేదు.

కాబట్టి వెళ్లాలనుకుంటే కొనకండి. ముందు ఇల్లు ఏడాది అద్దెకు తీసుకోండి. అక్కడ అద్దె ఏడాదికి ఒకేసారి కట్టడం మామూలే, రసీదు మాత్రం మర్చిపోవద్దు. ఒక వానాకాలం, ఒక పెళ్లిళ్ల నెల గడిపి చూడండి. అంతకాలం ఉండటానికి ఏ వీసా తీసుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో చెబుతాను. ఉంటానండీ.