కణమునకు దీపము

మానవ రక్తములో ఒక ఘన మిల్లీమీటరు, అనగా ఆవగింజకన్న చిన్నదగు బిందువు తీసికొన్నచో, అందు సుమారు 50 లక్షల ఎఱ్ఱ కణములును, 4,000 మొదలు 11,000 వరకు తెల్ల కణములును ఉండును. తెల్ల కణములలో లింఫోసైటులనునవి ఒక తెగ. రంగు పట్టించి సూక్ష్మదర్శినితో చూచినచో ఇవి యన్నియు దాదాపుగా ఒక్కతీరుననే కనుపించును: గుండ్రని రూపము, లోపల ముదురురంగు కేంద్రకము, చుట్టును సన్నని అంచు. కాని వీని పనులు వేఱు. కొన్ని రోగక్రిములను పట్టు ప్రతిరక్షకములను తయారుచేయును. కొన్ని క్రిమి సోకిన కణములను చంపును. మఱికొన్ని తాము చంపక, తక్కినవానిని పనికి పురికొల్పును. సేనలో సిపాయియు, దళపతియు, ఆయుధములు చేయు కమ్మరియు ఒకే ఉడుపు ధరించి నిలిచినచో ఎవరెవరో తెలిసికొనుట యెట్లు? వారిలో దళపతులు మాత్రమే తగ్గిపోవుచున్నారని కనుగొనుట యెట్లు?

భేదము కణముల పైపొరయందున్నది. ప్రతి కణము యొక్క ఉపరితలమున గ్రాహకములను ప్రోటీను అణువులు నాటుకొని యుండును. ఇతర కణములతో సంబంధము కలుపుకొనుటకును, బయటినుండి వచ్చు సంకేతములను అందుకొనుటకును ఇవి సాధనములు. 1982లో పారిస్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు కణముల పైనుండు ఇట్టి అణువులకు సి.డి. అను అక్షరములతో వరుస సంఖ్యలు నిర్ణయించుటకు ఆరంభించిరి. పురికొల్పు సహాయక కణములకు సి.డి. 4 గుర్తు; చంపు కణములకు సి.డి. 8, ప్రతిరక్షకములను చేయు వంశమునకు సి.డి. 19. కంటికి కానరాని ఈ గుర్తులను చదువుటకు ఒక దీపము కావలసివచ్చెను.

ఆ దీపమును ప్రకృతియే సగము సిద్ధముచేసి యుంచినది. శరీరము తయారుచేయు ప్రతిరక్షకము, అనగా యాంటీబాడీ, తాళమునకు తాళపుచెవి వలె తనకు తగిన అణువునే వెదకి పట్టుకొనును. పట్టుకొన్నదని మనకు తెలియుటయే కష్టము. కొన్ని రంగులకు ప్రతిదీప్తి యను గుణము కలదు. ఫ్లోరెసీను అను రంగు నీలికాంతిని గ్రహించి ఆకుపచ్చని కాంతిని వెలువరించును. 1941లో హార్వర్డు వైద్యకళాశాలకు చెందిన ఆల్బర్టు కూన్సు తన సహచరులతో కూడి, న్యుమోనియా క్రిమిని పట్టు ప్రతిరక్షకమునకు ప్రతిదీప్తినిచ్చు రసాయనము నొకదానిని అతికించెను. ఆ మొదటి రసాయనపు వెలుగు నీలివన్నె కలది. శరీర కణజాలము సహజముగనే కొంత నీలివన్నె వెలుగు నిచ్చుటచే, దానిని దీనినుండి వేఱుచేయుట కష్టమైనది. అందువలన వారు ఆకుపచ్చని వెలుగునిచ్చు ఫ్లోరెసీనును స్వీకరించిరి.

మఱియొక చిక్కు మిగిలెను. జంతువుల రక్తమునుండి తీసిన ప్రతిరక్షకములు పలు జాతుల కలగలుపు. 1975లో కేంబ్రిడ్జియందు జార్జి కోలరు, సీజర్ మిల్‌స్టీను అనువారు, ప్రతిరక్షకమును తయారుచేయు కణమును అంతము లేక పెరుగు క్యాన్సరు కణముతో కలిపి ఒకటిచేసిరి. అట్టి సంకరకణపు సంతతి యంతయు ఒకే జాతి ప్రతిరక్షకమును ఎంత కావలసిన నంత ఇచ్చును. దీనికే మోనోక్లోనల్ ప్రతిరక్షకమని పేరు. ఇందులకై వారికి 1984లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక లెక్కించుట. సూక్ష్మదర్శినియొద్ద కూర్చుండి కన్నులు నొచ్చునట్లు ఒక్కొక్క కణమును లెక్కపెట్టుట మిక్కిలి ఆలస్యమగు పని. కణములనే వరుసగా నడిపించి వెలుగు ముందునుండి పోనిచ్చుట మేలైన యుపాయము. 1965లో అమెరికాలోని లాస్ అలమోసునందు మాక్ ఫుల్విలరు కణములను వాని పరిమాణమునుబట్టి వేఱుచేయు యంత్రమును నిర్మించెను. 1969లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున లెనార్డు హెర్జెన్‌బర్గు బృందము ప్రతిదీప్తినిబట్టి కణములను వేఱుచేయు యంత్రమును ప్రకటించెను. ఆ వంశములోనిదే నేటి ఫ్లో సైటోమీటరు.

ఇది పనిచేయు విధము సులభముగనే చెప్పవచ్చును. రోగి రక్తములో దీపము కట్టిన ప్రతిరక్షకములను కలిపి కొంతసేపు చీకటిలో ఉంచెదరు. ఎఱ్ఱ కణములను ఒక ద్రావకముతో కరగించెదరు. మిగిలిన ద్రవము సన్నని ధారగా, చుట్టును ప్రవహించు మఱియొక ద్రవము నడుమ ఒదిగి, యంత్రములోనికి పోవును. ఆ ఒత్తిడివలన కణములు ఒకదాని వెనుక నొకటిగా, ఇరుకు సందులో నడచు జనమువలె, బారుతీరును. ప్రతి కణమును లేసరు కిరణమును దాటును. నేరుగా ముందునకు చెదరిన కాంతి కణపు పరిమాణమును, ప్రక్కకు చెదరిన కాంతి లోపలి గరుకుతనమును తెలుపును. కణముపై దీపమున్నచో దాని వెలుగును గాజు వడపోతలు రంగువారీగా విడదీయగా, గ్రాహక యంత్రములు దానిని విద్యుత్తుగా మార్చి నమోదు చేయును. క్షణమునకు వేలకొలది కణములు ఇట్లు పరీక్షింపబడును.

మీ యింటి రేడియో అనేక కేంద్రముల తరంగములలో ఒకదానినే ఏరుకొనునట్లు, ఈ వడపోతలు ఒక్కొక్క రంగును ఏరుకొనును. ప్రక్క కేంద్రపు ధ్వని చొరబడునట్లు ఒక రంగు వెలుగు మఱియొకదాని పాలిలోనికి చిందుటయు కలదు. దానిని గణితముచేత తీసివేయవలెను. నిలువయుంచిన రక్తములోని చచ్చిన కణములు తమకు చెందని ప్రతిరక్షకములను కూడ పీల్చుకొని దొంగవెలుగు నిచ్చును. కావున రక్తము తాజాదిగా నుండవలెను. ఎంత వెలుగున్నచో నిజమో తేల్చుటకు సరిచూచు నమూనాలు వెంట నుండవలెను.

ఈ యంత్రపు విలువ 1981 తరువాత లోకమునకు తెలియవచ్చెను. ఆ సంవత్సరము జూన్ 5వ తేదీన లాస్ ఏంజెలెసునందు ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చినదని ప్రకటన వెలువడెను. అట్టి రోగుల రక్తమును క్రొత్తగా లభించిన మోనోక్లోనల్ ప్రతిరక్షకములతో పరీక్షింపగా, సహాయక కణములు మిక్కిలి తగ్గియున్నట్లు తేలెను. 1983లో పారిస్ పాస్టరు సంస్థవారు దీనికి కారణమగు వైరస్‌ను కనుగొనిరి. అదియే నేడు హెచ్.ఐ.వి. అని పిలువబడునది. 1984లో మఱియొక సత్యము వెల్లడియైనది: ఆ వైరస్ కణములోనికి చొచ్చు ద్వారము సి.డి. 4 గ్రాహకమే! మనము దళపతిని గుర్తించుటకు ఏ చిహ్నమును చూచుచున్నామో, శత్రువును ఆ చిహ్నమునే పట్టుకొని లోపలికి పోవుచున్నాడు.

భారతదేశమున హెచ్.ఐ.వి. ఉనికి 1986లో చెన్నైలో డాక్టరు సునీతి సోలమన్ బృందముచే గుర్తింపబడెను. వ్యాప్తి హెచ్చుగానున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటియైనది. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఔషధములను ఉచితముగా ఇవ్వసాగెను. ఆరోగ్యవంతులలో సి.డి. 4 కణములు ఘన మిల్లీమీటరునకు సాధారణముగా 500 నుండి 1,500 వరకుండును. వ్యాధి లక్షణములు ముదురని వారికి ఆ సంఖ్య 200కు తగ్గిననే ఔషధమని మొదట నియమముండెను. పిదప ఆ హద్దు 350కి, ఆపైన 500కు పెరిగెను. 2017నుండి సంఖ్యతో నిమిత్తము లేకుండ, వ్యాధి నిర్ధారణయైన అందఱికిని ఔషధ మిచ్చుచున్నారు. లెక్క నిరుపయోగము కాలేదు. రోగి ఎంత బలహీనుడై వచ్చెనో, ఇతర రోగములు సోకకుండ అదనపు మందులేమి కావలెనో అది తెలుపును. ఔషధము పనిచేయుచున్నదా లేదా అనుటకు మాత్రము రక్తములోని వైరస్‌ను కొలుచు పరీక్షయే ముఖ్యము.

ఈ సంఖ్యను చదువుటలో రెండు మాటలు గుర్తుంచుకొనవలెను. ఒకే మనుష్యునియందు ఇది ఉదయమున తక్కువగాను, సాయంకాలమున ఎక్కువగాను ఉండును. జ్వరము వచ్చినను మారును. కావున ఒక్కమారు 420 ఉండి మఱియొకమారు 380 వచ్చినదని గుండె జారనక్కఱలేదు. చూడవలసినది నెలలమీద కనుపించు పోకడ.

రెండవది మఱింత ముఖ్యము. సంఖ్య బాగుగా పెరిగినది గదా, ఇక మందు మానవచ్చునని తలంచువారు కలరు. 2006లో ప్రకటింపబడిన ఒక పరిశోధన, స్మార్ట్ అనబడునది, దీనికి సమాధానము చెప్పెను. 5,472 మందిని రెండు వర్గములు చేసి, ఒక వర్గమునకు ఎడతెగక మందు ఇచ్చిరి. రెండవ వర్గమునకు సి.డి. 4 సంఖ్య 350 దాటినప్పుడు ఆపి, 250కి తగ్గినప్పుడు మరల మొదలిడిరి. మందు ఆపినవారిలో రోగములును మరణములును హెచ్చుటచే, ఆ ప్రయోగమును నడుమనే నిలిపివేసిరి. వైరస్ కొన్ని కణములలో నిద్రించుచుండును. యంత్రపు దీపము దళపతులను లెక్కించునే గాని పొంచియున్న శత్రువును చూపదు. పెరిగిన సంఖ్య మందు పనిచేయుచున్నదనుటకు గుర్తు, మందుతో ఇక పనిలేదనుటకు కాదు.