క్యూబాలో చూపు మసకబారిన రోజులు



అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు అంటూ మన ఓపీకి ఎవరైనా వస్తే నాకు క్యూబా దేశం గుర్తుకొస్తుంది.

1962లో అమెరికా ఆ చిన్న దేశంతో వ్యాపారం నిలిపివేసింది. సోవియట్ యూనియన్ ఆదుకోబట్టి రోజులు గడిచాయి. 1991లో ఆ అండ పోయింది. 1992లో అమెరికా మరో చట్టం చేసింది: వ్యాపారానికి క్యూబా వెళ్లిన ఓడ 180 రోజుల వరకు అమెరికా రేవుల్లో సరుకు ఎత్తకూడదు, దించకూడదు. పాలు, మాంసం కరువయ్యాయి. పెట్రోలు లేక బస్సులు ఆగిపోయాయి. జనం అర్ధాకలితోనే సైకిలు తొక్కుకుంటూ, నడుచుకుంటూ పనికి వెళ్లారు.

పొగాకు పండే పినార్ దెల్ రియోలో మొదట చూపు మసకబారింది, రంగులు గుర్తు తెలియలేదు. తర్వాత చాలామందికి కాళ్లు మండాయి, మొద్దుబారాయి. 1993 నాటికి 50,000 మందికి పైగా జబ్బుపడ్డారు. పొగ తాగేవారికి మరీ ఎక్కువ. అంటురోగమేమోనని భయపడ్డారు గానీ, ముఖ్య కారణం బి విటమిన్ల లోపమే.

1993లో దేశ ప్రజలందరికీ విటమిన్ మాత్రలు పంచారు. 1984లో మొదలైన పద్ధతి వల్ల పేటపేటకు కుటుంబ డాక్టరు, నర్సు అప్పటికే ఉన్నారు. మాత్రలు ఇంటింటికీ చేరాయి. (గడపగడప తెలిసిన నర్సు విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది!) కొత్త కేసులు తగ్గిపోయాయి. ఎక్కువమందికి చూపు తిరిగొచ్చింది. వైద్యం ఆలస్యమైన కొందరికి మాత్రం పూర్తిగా రాలేదు.