వేళకు అందే జవాబు

పొయ్యి మీద పాలు పొంగబోతుంటే కూరలు తరిగే అమ్మ కత్తిపీట వదలి లేస్తుంది. పాలు దించి వచ్చి మళ్ళీ తరగడానికి కూర్చుంటుంది. కూర కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు. పాల దగ్గర ఆలస్యమైతే పాలు పొయ్యిపాలే. కొన్ని కంప్యూటర్లు కూడా ఇలాగే పనిచేయాలి.

కారు చక్రాలు జారకుండా బ్రేకులను అదుపుచేసే కంప్యూటరు ఇందుకు ఉదాహరణ. అది ఇచ్చే జవాబు సరైనదైతే చాలదు, సకాలంలో రావాలి. ఇటువంటి వాటిని 'నిజకాల వ్యవస్థలు' అంటారు. ఒకే కంప్యూటరు ఎన్నో పనులను చూసుకుంటుంది. ఎక్కువ ప్రాధాన్యం గల పని రాగానే తక్కువ ప్రాధాన్యం గల పనిని ఆపుతుంది. ఒక పని సిద్ధమైనది మొదలు పూర్తయ్యేవరకు పట్టే కాలమే దాని 'ప్రతిస్పందన కాలం'.

క, చ, ట అనే మూడు పనులున్నాయనుకుందాం. 'క' ప్రతి 4 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తుంది. దానికి 1 మిల్లీసెకను పడుతుంది. 'చ' ప్రతి 6కు వస్తుంది, 2 పడుతుంది. 'ట' ప్రతి 12కు వస్తుంది, 3 పడుతుంది. తరచుగా వచ్చే పనికి ఎక్కువ ప్రాధాన్యం. ప్రతి పనీ తన తరువాతి వంతు వచ్చేలోగా పూర్తికావాలి. మూడూ ఒకేసారి సిద్ధమైతే 'ట'కు అన్నిటికంటె గడ్డు పరిస్థితి. అప్పుడు దానికి ఎంత కాలం పడుతుంది?

'ట'కు సొంతంగా 3 కావాలి. ఆ లోగా 'క', 'చ' ఒక్కొక్కసారి వస్తాయి: 3+1+2=6. 6 లోగా 'క' రెండోసారి వస్తుంది: 3+2+2=7. 7 లోగా 'చ' కూడా రెండోసారి వస్తుంది: 3+2+4=9. 9 లోగా 'క' మూడోసారి వస్తుంది: 3+3+4=10. 10 లోగా కొత్తగా ఏదీ రాదు. లెక్క అక్కడ నిలిచింది. గడువు 12 కనుక 'ట' వేళకు పూర్తవుతుంది. ఈ పద్ధతిని 1986లో మథాయ్ జోసెఫ్, పరితోష్ పాండ్యా అనే భారతీయ శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

అయితే లెక్కలో మరొక అంశం చేరాలి. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన అమెరికా నౌక పాత్‌ఫైండర్‌లోని కంప్యూటరు కొద్దిరోజులకే పదేపదే ఆగి మళ్ళీ మొదలవసాగింది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని ఒకటి ఉమ్మడి సాధనాన్ని పట్టుకొని ఉండగా, మధ్యస్థాయి పనులు దానిని ఆపివేసేవి. ఆ సాధనం కోసం ఎదురుచూసే ముఖ్యమైన పని గడువు దాటిపోయేది. భూమి మీది ఇంజనీర్లు కారణం కనిపెట్టి సవరణ పంపారు. పెద్ద పని ఎదురుచూస్తున్నంతసేపు చిన్న పనికి పెద్దదాని ప్రాధాన్యమే దక్కేటట్లు చేశారు. దానితో బెడద తీరింది.

కనుక పెద్ద పనులు తెచ్చే ఆలస్యంతోపాటు చిన్న పనుల కోసం ఆగవలసిన కాలాన్ని కూడా లెక్కలో కలపాలి. సగటున కంప్యూటరు ఎంత వేగంగా పనిచేసినా, గడ్డు సమయంలో ఒక్కసారి గడువు తప్పితే చాలు, ప్రమాదం జరగవచ్చు. అందుకే ఈ లెక్కను యంత్రం కదలకముందే వేస్తారు.