మోటారు కాలితే మళ్లీ వైండింగా? కొత్తదా?

వరి పొట్ట మీద ఉన్నప్పుడో, మిరప కాపు పడుతున్నప్పుడో బోరు మోటారు కాలుతుంది. పనిలేని రోజుల్లో కాలదు. ఇందులో రైతు దురదృష్టం ఏమీ లేదు. పంటకు నీరు బాగా కావలసిన రోజుల్లోనే ఊళ్లో మోటార్లన్నీ ఒకేసారి నడుస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి వోల్టేజి పడిపోతుంది. అదే సమయంలో బోరులో నీటి మట్టం కిందికి దిగుతుంది. మోటారుకు అన్ని కష్టాలూ ఒక్కసారే వచ్చి పడతాయి.

అప్పుడు షాపు మెకానిక్ "ఇంకో వైండింగ్ చేస్తే రెండేళ్లు చూడక్కర్లేదు" అంటాడు. డీలరు "ఈ పాతది ఎన్నాళ్లని లాగుతావు, కొత్తది దించు" అంటాడు. ఎవరి బేరం వారిది. పైరు ఎండుతున్న తొందరలో ఎవరు ముందు కనబడితే వారి మాటే చెల్లుతుంది. నిజానికి ఈ రెండింటికీ ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మోటారు ఎందుకు కాలింది? ఇది తేలకుండా పాతదానికి వైండింగ్ చేయించినా, అప్పు చేసి కొత్తది దించినా, మళ్లీ అదే షాపుకు రావలసి వస్తుంది.

పైకి లాగకముందు

మోటారు తిరగకపోతే కాలిపోయిందనే అనుకుంటాం. చాలాసార్లు తప్పు పైనే ఉంటుంది. స్టార్టరులో కాంటాక్టులు మాడిపోయి ఉండవచ్చు, ఫ్యూజు పోయి ఉండవచ్చు, కేబుల్ జాయింటు దగ్గర నీరు దిగి ఉండవచ్చు. పైపులు ఎత్తి దించడానికి అయ్యే కూలి, చైన్ పుల్లీ అద్దె తక్కువేమీ కాదు. కాబట్టి ముందుగా మెయిన్ ఆపు చేయించి, స్టార్టరు నుంచి మోటారుకు పోయే కేబుల్ మూడు కొసలూ విప్పించి పరీక్ష చేయించండి. మీటరు పెట్టి ఏ రెండు కొసల మధ్య చూసినా అంకె ఇంచుమించు ఒకేలా రావాలి. ఒక జత మధ్య తేడా వస్తే కాయిలో గాని, కేబుల్‌లో గాని తెగినట్టు. తరువాత మెగ్గరుతో కొసకూ భూమికీ మధ్య చూడాలి. ఒక మెగ్‌ఓమ్ కంటే తక్కువ చూపిస్తే ఇన్సులేషన్ దెబ్బతిన్నదని అర్థం. ఈ పరీక్ష తెలిసిన ఎలక్ట్రీషియనుకు పావుగంట పని. మెగ్గరు లేనివాడు "కాలింది, లాగేయండి" అంటే తొందరపడవద్దు.

ఫ్యూజు పోయిందని మీరే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కకండి. పంట తడి కోసం అలా ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్న రైతులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే పైరు వాడుతుందేమో గాని, అంతకు మించి పోయేదేమీ లేదు.

కాలిన తీరు చూడాలి

మోటారు షాపుకు చేరాక, కాయిలు విప్పకముందే మీరు అక్కడ ఉండాలి. విప్పాక చూడటానికి ఏమీ మిగలదు. మూడు ఫేజుల కాయిలూ ఒకే తీరుగా మాడి ఉంటే, మోటారు మీద మోయలేనంత బరువు పడిందని తెలుసుకోవాలి. వోల్టేజి తక్కువలో ఎక్కువసేపు నడిచి ఉండాలి, లేదా ఇసుక పట్టి పంపు బిగిసి ఉండాలి. మూడు ఫేజుల మధ్య 415 వోల్టులు రావలసిన చోట 350కి దిగితే మోటారు అదే నీటిని తోడటానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ వేడికి వైరు మీద ప్లాస్టిక్ పొర మెత్తబడుతుంది.

అలాకాక కొన్ని కాయిలు నల్లబడి, మిగతావి కొత్తవాటిలా ఉంటే అది ఫేజు పోయిన కేసు. నడుస్తున్న మోటారుకు మధ్యలో ఒక ఫేజు పోయినా అది ఆగదు. మూలుగుతూ మిగిలిన రెండు ఫేజుల మీదే తిరుగుతుంది. ఆ రెండింటిలో కరెంటు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలే సరిగా ఉంటే ఆ క్షణంలో పడిపోవాలి. కాని మన స్టార్టర్లలో ఆ రిలే ఎక్కడ పని చేస్తోంది? మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపినవే ఎక్కువ. ఇక రెండు ఫేజులే ఉన్న వేళల్లో కండెన్సర్లు పెట్టి మూడు ఫేజుల మోటారు నడిపే అలవాటు ఉన్నచోట మోటారు కాలక మానదు. ఇలా కాలినప్పుడు తప్పు మోటారుది కాదు, అది పాతదైనా కొత్తదైనా ఒకటే. ముందు సింగిల్ ఫేజు ప్రివెంటరు పెట్టించి, రిలేను మోటారు ప్లేటు మీద ఉన్న ఆంపియర్లకు సెట్ చేయించండి. దాని ఖర్చు ఒక వైండింగ్ ఖర్చుకు చాలా తక్కువ.

ఒక్కచోట మాత్రమే చుక్కలా మాడి, మిగతా వైండింగు శుభ్రంగా ఉంటే, వైరు మీద పొర ఎక్కడో చిట్లిందన్నమాట. చుట్టేటప్పుడు గీసుకుపోయినా ఇలా అవుతుంది. నిరుడే వైండింగ్ చేసిన మోటారు ఇలా కాలితే ఆ షాపుకు మళ్లీ ఇవ్వడమెందుకు?

మోటారు వేరు, పంపు వేరు

మనం అంతా కలిపి మోటారు అంటాం గాని అందులో రెండు భాగాలున్నాయి. కింద మోటారు, దాని మీద నీటిని పైకి నెట్టే పంపు. పంపులో ఒకదాని మీద ఒకటిగా స్టేజీలు, వాటిలో ఇంపెల్లర్లు ఉంటాయి. వైండింగ్ చేస్తే మోటారు బాగవుతుంది, అంతే. ఇసుక తిన్న ఇంపెల్లర్లు, అరిగిన బుష్‌లు అలాగే ఉంటాయి. వైండింగ్ చేయించి దించాక "నీళ్లు మునుపటంత రావడం లేదు" అని బాధపడేది ఇందుకే.

కాబట్టి షాపులోనే షాఫ్టును చేత్తో పట్టి పక్కలకు ఊపి చూడండి. లొడలొడలాడితే బుష్‌లు పోయినట్టు. మోటారు అడుగున షాఫ్టు బరువంతా మోసే థ్రస్ట్ బేరింగు ఉంటుంది, దాన్ని విప్పించి చూడండి. నున్నగా ఉండాలి. పగిలినా, గాట్లు పడినా, మోటారు నీరు లేకుండా తిరిగిందని గాని, ఇసుక దిగిందని గాని అనుమానించాలి. షాఫ్టు మీద కూడా గాట్లు పడి ఉంటే కొత్త బుష్‌లు వేసినా నిలవవు.

ఇప్పుడు లెక్క వేయాలి. ధరలు ఊరికో తీరు కాబట్టి, మీ మోటారుకు సరిపడే కొత్త సెట్టు ఖరీదు వంద రూపాయలనుకోండి. షాపులో అడిగిన వైండింగ్ ఖర్చు అందులో ముప్పై అనుకుందాం. అది ఒక్కటే అయితే వైండింగ్ చేయించడమే తెలివి. దానికి బుష్‌లు, థ్రస్ట్ బేరింగు కలిస్తే నలభై అయిదు దాటవచ్చు. పంపు స్టేజీలు కూడా మార్చాలంటే డెబ్బై. డెబ్బై పెట్టాక మీ చేతికి వచ్చేది సగం కొత్తది, సగం పాతది, గ్యారంటీ లేనిది. పైగా అది ఏడాదిలోపు మళ్లీ ఆగితే ఎత్తడానికీ దించడానికీ కూలి ఇంకోసారి. మొత్తం సగం దాటి, మోటారుకు ఇదివరకే రెండుసార్లు వైండింగ్ అయి ఉంటే ఇక దాన్ని వదిలేయమనే మా సలహా. మొదటిసారి కాలిందీ, పంపు గట్టిగా ఉందీ అంటే, డీలరు ఎంత చెప్పినా కొత్తది కొనవద్దు.

మోనోబ్లాక్ మోటార్ల సంగతి కొంచెం వేరు. కాలువ మీదో, బావి మీదో, డెల్టాలో ఫిల్టర్ పాయింట్ల మీదో ఉండే ఈ మోటార్లలో పాత వైరు తేలిగ్గా ఊడిరావడానికి కొందరు మంట పెట్టి కాలుస్తారు. అలా కాల్చితే లోపలి ఇనుప రేకుల మధ్య ఉండే పొర పోతుంది. ఆ తరువాత మోటారు ఊరికే వేడెక్కుతుంది. కోసి లాగే షాపు చూసుకోండి.

కరెంటు ఉచితం, గంట ఉచితం కాదు

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అప్పటి నుంచి పాత మోటారు ఎంత కరెంటు తిన్నా బిల్లులో కనబడదు. అందుకే అరిగిన పంపును ఏళ్ల తరబడి లాగిస్తున్నాం. కాని నష్టం వేరేచోట కనబడుతుంది.

200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఎన్ని సెకండ్లలో నిండుతుందో చూడండి. 50 సెకండ్లలో నిండితే గంటకు 14,400 లీటర్లు. పంపు అరిగి అదే డ్రమ్ము 80 సెకండ్లకు నిండితే గంటకు 9,000 లీటర్లే. ఎకరం పొలంలో రెండంగుళాల నీరు నిలపాలంటే సుమారు రెండు లక్షల లీటర్లు కావాలి. మంచి పంపు అయితే 14 గంటలు, అరిగిన పంపు అయితే 22 గంటలు. ఆంధ్రప్రదేశ్‌లోలాగా రోజుకు తొమ్మిది గంటల సరఫరా లెక్కన చూస్తే, మొదటిది రెండో రోజు మధ్యాహ్నానికి తడి ముగిస్తుంది. రెండోది మూడో రోజుకు పోతుంది. మూడెకరాల రైతుకు మొదటి మడి తిరిగి ఎండేసరికి చివరి మడి ఇంకా తడవదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలుపెట్టారు కాబట్టి అక్కడ గంటల ఇబ్బంది కొంత తక్కువ. కాని ఎక్కువ గంటలు నడిచే కొద్దీ బుష్‌లు ఎక్కువ అరుగుతాయి.

ఈ డ్రమ్ము లెక్క మోటారు కాలాక వేయలేం. బాగున్నప్పుడే వేసి రాసి పెట్టుకుంటే తరువాత పనికొస్తుంది.

తప్పు బోరుదే అయితే

వేసిన వెంటనే నిండుగా పోసి, అరగంటకో గంటకో ఆగి ఆగి పోస్తుంటే పంపును అనవద్దు. బోరులో ఊట తగ్గింది. మొదటి నిమిషం నుంచే ధార సన్నగా ఉంటే అప్పుడు పంపునో, చిల్లు పడ్డ పైపునో అనుమానించాలి. ఈ రెండింటికీ తేడా తెలియక అయిదు హెచ్.పి. తీసి ఏడున్నర దించినవారు అనంతపురం వైపు, నల్గొండ వైపు ఎందరో ఉన్నారు. ఉన్న ఊటను పెద్ద మోటారు ఇంకా తొందరగా తోడేస్తుంది, ఆపైన నీరు లేకుండా తిరిగి మళ్లీ కాలుతుంది. ఊట తగ్గిన బోరుకు కావలసింది చిన్న మోటారు, నీరు లేనప్పుడు దానంతటదే ఆగిపోయే డ్రై రన్ పరికరం, మడికి బదులు డ్రిప్పు. ఒప్పందంలో ఉన్న లోడుకు మించి మోటారు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరి వోల్టేజీ పడిపోతుంది.

కొనేటప్పుడు, కట్టించేటప్పుడు

కొత్తది కొనాలనే తేలితే సబ్‌మెర్సిబుల్ సెట్టు మీద ఐ.ఎస్. 8034, మోనోబ్లాక్ అయితే ఐ.ఎస్. 9079 అనే అంకె ఐ.ఎస్.ఐ. గుర్తుతోపాటు ఉందేమో చూడండి. గుర్తు కింద సి.ఎమ్./ఎల్. అని లైసెన్సు నంబరు ఉండాలి. అట్టపెట్టె మీద కాదు, మోటారు ప్లేటు మీద చూడాలి. స్టార్ లేబుల్ ఉన్నవాటిలో ఎక్కువ స్టార్లున్నది అదే కరెంటుకు ఎక్కువ నీరు తోడుతుంది. హెచ్.పి. ఒక్కటే చెప్పి కొనకండి. మీ బోరులో నీరు ఎన్ని అడుగుల్లో ఉంది, మోటారు ఎన్ని అడుగుల్లో దించుతారు, ఎంత దూరం పారాలి అనేవి చెప్పి దానికి తగ్గ స్టేజీల పంపు అడగాలి. గ్యారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

వైండింగే చేయిస్తే, పాత వైరు గేజీయే కొత్తదానికీ వాడమనండి. చుట్ల లెక్క తగ్గనివ్వకండి. కొత్త వైరు రాగిదేనని చూసి, తూకం వేయించి, ఆ బరువు చీటీ మీద రాయించుకోండి. కాలిన రాగి మీదే. దాని విలువ కూలిలో తగ్గించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. పని రెండు మూడు రోజులు పడుతుంది. పైరు ఆగేలా లేకపోతే పక్క బోరు రైతును ఒక తడి అడగండి, డీజిలు ఇంజను అద్దెకు తెచ్చుకోండి. ఒక తడి కోసం భయపడి, బాగయ్యే మోటారును పారేసి అప్పు మీద కొత్తది తేవడం చిన్న రైతుకు రెండు పంటల వరకూ తేరుకోలేని దెబ్బ.

ఏది దించినా కొన్ని పనులు తప్పవు. నీరు నింపే రకం మోటారులో బుడగలు పోయేదాకా శుభ్రమైన నీరు నింపాలి. ఖాళీ మోటారు దించితే బేరింగు మొదటిరోజే పోతుంది. బోరు అడుగున ఒండ్రులో కూర్చోకుండా కొన్ని అడుగులు పైనే ఆపాలి. కేబుల్ జాయింటుకు టేపు పొదుపు చేయవద్దు. అయిదు హెచ్.పి. మోటారుకు 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటరు పెట్టించండి. ఆటో స్టార్టరు ఉంటే, కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే లేవకుండా, మీది రెండు నిమిషాలు ఆగి లేచేలా టైమరు పెట్టించండి. నీరు సమంగా వస్తున్నప్పుడు మూడు ఫేజుల ఆంపియర్లు, వోల్టేజి, డ్రమ్ము నిండిన సెకండ్లు, దించిన తేదీ, అడుగుల లెక్క స్టార్టరు డబ్బా తలుపు లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టండి.