ఛాతీపై ఆరు స్థానాలు

గుండె కొట్టుకునే ప్రతిసారీ దాని కండరాల్లో పుట్టే సూక్ష్మమైన విద్యుత్తు శరీర కణజాలాల గుండా చర్మం వరకు వ్యాపిస్తుంది. మిల్లీవోల్టుల్లో కొలిచే ఆ విద్యుత్తును పట్టి కాగితంపై గీతగా మార్చే యంత్రమే ఈసీజీ. మనిషి గుండె విద్యుత్తును 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ తొలిసారి నమోదు చేయగా, దానిని వైద్యులకు పనికివచ్చే సాధనంగా తీర్చిదిద్దినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన విలెం ఐంథోవెన్. అయస్కాంత ధ్రువాల మధ్య బిగించిన, వెండి పూత గల సన్నని క్వార్ట్జ్ తీగ కదలికలను నీడగా ఫొటో పలకపై పట్టే ఆయన యంత్రం సుమారు 270 కిలోలు తూగేది; రోగి రెండు చేతులను, ఎడమ కాలిని ఉప్పునీటి పాత్రల్లో ముంచి కూర్చోవలసి వచ్చేది. ఈ కృషికి ఆయనకు 1924లో నోబెల్ బహుమతి లభించింది.

చేతులు, కాళ్ల నుంచి తీసిన గీతలు గుండెను దూరం నుంచి మాత్రమే చూపగలవు. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ విల్సన్ 1934లో రెండు చేతుల, ఎడమ కాలి తీగలను కలిపి ఒక ఉమ్మడి ఆధార బిందువును ఏర్పరచడంతో, ఛాతీపై ఏ చోటనైనా ఎలక్ట్రోడ్‌ను, అంటే విద్యుత్తును గ్రహించే బిళ్లను, ఉంచి గుండెను దగ్గరగా పరిశీలించే వీలు కలిగింది. 1938లో అమెరికా, బ్రిటన్ హృద్రోగ సంఘాలు ఛాతీపై వి1 నుంచి వి6 వరకు ఆరు స్థానాలను ఖరారు చేశాయి.

రొమ్ము ఎముక పైభాగాన వేలికి తగిలే గట్టు వద్ద రెండో పక్కటెముక కలుస్తుంది కనుక అక్కడి నుంచి పక్కటెముకల మధ్య సందులను లెక్కిస్తూ దిగి, నాలుగో సందులో ఆ ఎముకకు కుడి అంచున వి1ను, ఎడమ అంచున వి2ను అమర్చాలి. ఎడమ మెడ ఎముక నడిమి నుంచి నిట్టనిలువుగా దిగే గీత ఐదో సందును తాకేచోట వి4, దానికీ వి2కీ మధ్యన వి3, వి4తో సమానమైన ఎత్తులో చంక ముందు అంచు కింద వి5, చంక నడిమి కింద వి6 ఉండాలి. వి1, వి2 ఒకటి రెండు సందులు పైకి జరిగితే లేని గుండెపోటు ఆనవాళ్లు గీతలో కనిపించవచ్చు.

హైదరాబాద్‌లో 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ మాదాపూర్ నుంచి గచ్చిబౌలి వరకు విస్తరించిన ఐటీ కారిడార్‌లో ఉద్యోగుల ఆరోగ్య పరీక్షల్లో ఈసీజీ నేడు మామూలు విషయమైంది. ఆ నగరానికే చెందిన మానిట్రా హెల్త్‌కేర్ సంస్థ ఛాతీకి అతికించుకుని రోజుల తరబడి గుండె లయను నమోదు చేసే పట్టీని రూపొందించింది. గీతను చదివే సాఫ్ట్‌వేర్ ఎంత నేర్పు గలదైనా, తనకు అందిన గీత ఏ సందు నుంచి వచ్చిందో సాధారణంగా దానికి తెలియదు. ఆ సంగతి పక్కటెముకలను లెక్కించిన టెక్నీషియన్ వేలికే తెలుసు. కాబట్టి ఈసీజీ బల్లపై పడుకున్నవారు తొందరపెట్టక, ఆ లెక్కకు కావలసిన ఒక్క నిమిషం ఓపిక పట్టాలి.