దిగుడు బావి - నారికురుపు

పూర్వపు కర్నూలు, కడప జిల్లాల మెట్ట గ్రామాలలో నారికురుపును ఎరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. కాలిమీద బొబ్బ లేచి, మంటపుట్టి, దానినుండి తెల్లని దారమువంటి పురుగు వెలువడేది. దాని పొడవు రెండు మూరల దాకా ఉండేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెముగా లాగవలసినదే. తెగితే కాలు వాచి చీము పట్టేది. దుక్కుల అదనులో రైతు మంచానపడితే ఆ యేటి సేద్యము పోయినట్లే.

ఈ పురుగు ఒంటిలోనికి ఎట్లు చేరేది? బొబ్బ మంటకు చన్నీళ్ళు హాయి. దిగుడు బావిలో కాళ్ళు తడుపుకొని నీరు ముంచుకొనేటప్పుడు బొబ్బ చిట్లి, ఆడపురుగు వేలకొలది పిల్లలను నీటిలో వదలేది. సైక్లాప్సు అనే నలుసంత జలచరము వాటిని మ్రింగేది. సుమారు రెండు వారాలలో ఆ పిల్లలు మనిషికి సోకగల దశకు వచ్చేవి. ఆ నీరు త్రాగినవానికి దాదాపు ఏడాదికిగాని సంగతి తెలియదు. నీటికీ కురుపుకూ గల సంబంధము జనానికి తోచకపోవడములో వింత లేదు.

దీనికి మందు లేదు, టీకా లేదు. నీటిని బట్టతో వడగట్టడము, దిగుడు బావులను చేదబావులుగా మార్చడము, బోరింగులు వేయడము - వీటితోనే పని సాగినది. మన దేశములో చివరి రోగి 1996లో రాజస్థానులో కనిపించినాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము నారికురుపునుండి విముక్తమైనదని ధ్రువీకరించినది.

ఆత్మకూరు ఉపాధ్యాయులు దగ్గరలోని కుంటనీటి బొట్టును సూక్ష్మదర్శినిలో విద్యార్థులకు చూపవచ్చును. సైక్లాప్సు నేటికీ ఈదులాడుతూ కనిపించవచ్చు. దాని కడుపులో నారిపురుగు పిల్ల మాత్రము ఉండదు.