గాలిమోటరు కథ

మర్కూక్‌లో కొండపోచమ్మ సాగర్ కట్ట మీద నిలబడితే అప్పుడప్పుడు పైన విమానం చప్పుడు వినబడుతుంది. పిల్లలు తల ఎత్తి చూస్తారు. చేయి ఊపుతారు.

వెనకటి వాళ్ళు విమానాన్ని గాలిమోటరు అనేవారు. రోడ్డు మీద నడిచే బస్సు మోటరు. గాలిలో నడిచేది గాలిమోటరు. ఈ పేరు బాగానే కుదిరింది. ఎందుకంటే హైదరాబాదు రాజ్యంలో ఈ రెండూ ఒకే ఇంటి పిల్లలు.

రైలు, బస్సు, విమానం

నిజాం కాలంలో రైళ్ళను మొదట ఇంగ్లీషు కంపెనీ నడిపింది. 1930లో వాటిని నిజాం సర్కారు కొన్నది. 1932లో ఆ రైల్వే శాఖే 27 బస్సులతో మోటర్లు నడపడం మొదలుపెట్టింది. ఇప్పటి ఆర్టీసీకి మూలం ఆ మోటర్లే.

అదే 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి బొంబాయికి చిన్న విమానంలో ఉత్తరాల సంచులు తెచ్చాడు. అట్లా టాటా ఎయిర్‌లైన్స్ పుట్టింది. ముందు ఉత్తరాలు, తర్వాత మనుషులు.

1945లో నిజాం సర్కారు, టాటాలు కలిసి ఒక కంపెనీ పెట్టారు. దాని పేరు డెక్కన్ ఎయిర్‌వేస్. పెద్ద వాటా సర్కారుది. సర్కారు తరఫున ఆ వాటా రైల్వే శాఖ చేతిలో ఉండేది. 1946లో బేగంపేట నుండి ప్రయాణికుల విమానాలు లేచాయి. మద్రాసుకు, నాగపూర్ మీదుగా ఢిల్లీకి పోయేవి. నాగపూర్ ఉత్తరం దిక్కున ఉంది. మర్కూక్, గజ్వేల్ కూడా హైదరాబాదుకు ఆ దిక్కునే ఉన్నాయి.

డకోటా విమానం

డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి డకోటా విమానాలు. రెండు రెక్కలకు రెండు ఇంజన్లు. అమెరికాలో తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిలను, సామాన్లను మోశాయి. యుద్ధం అయిపోయాక మిగిలిన విమానాలను చవకగా అమ్మారు. వాటికి సీట్లు బిగించి ప్రయాణికులను ఎక్కించారు. ఒక డకోటాలో ముప్పై మంది లోపే పడతారు. అంటే ఒక బస్సు కంటే తక్కువే.

ఆడమనిషి నడుపుతుందా?

ప్రేమ్ మాథుర్ అనే ఆమె 1947లో విమానం నడిపే లైసెన్సు సంపాదించింది. ఉద్యోగం కోసం తిరిగింది. ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆడమనిషి నడిపితే జనం భయపడి ఎక్కరని వాళ్ళ వాదన. చివరకు డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను కో పైలట్‌గా తీసుకున్నది. కో పైలట్ అంటే ప్రధాన పైలట్ పక్కన కూర్చుని నడిపే మనిషి. 1949లో ఆమె దేశమంతటి విమాన పందెంలో గెలిచింది. అయినా ప్రధాన పైలట్ సీటు మాత్రం ఆ కంపెనీ ఆమెకు ఇవ్వలేదు.

ఎనిమిది కలిసి ఒకటి

యుద్ధం తర్వాత దేశంలో విమాన కంపెనీలు చాలా పుట్టాయి. విమానాలు ఎక్కువ, ఎక్కేవాళ్ళు తక్కువ. కంపెనీలకు నష్టాలు వచ్చాయి. అప్పుడు కేంద్ర ప్రభుత్వం వాటిని జాతీయం చేసింది. జాతీయం చేయడమంటే కంపెనీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకోవడం.

1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో ఒకటి. కొత్త సంస్థకు 99 విమానాలు వచ్చాయి. వాటిలో 74 డకోటాలే. తర్వాత సంస్థ పెరిగింది. 1964లో జెట్ విమానాలు కొన్నది. 1976లో ఎయిర్‌బస్ వచ్చింది. అందులో ఒకేసారి రెండు వందల మందికి పైగా కూర్చోవచ్చు. 2008లో ప్రయాణికుల విమానాలు బేగంపేట వదిలి శంషాబాదుకు మారాయి.

సొమ్ము ఎవరిది?

1994 నుండి ప్రైవేటు కంపెనీలకు చట్టం పూర్తిగా దారి ఇచ్చింది. పోటీ పెరిగింది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను ఎయిర్ ఇండియాలో కలిపారు. అప్పులు కుప్ప పడ్డాయి. 2022 జనవరిలో ప్రభుత్వం ఎయిర్ ఇండియాను టాటాలకు అమ్మింది. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో నాడు చిన్న వాటా ఉన్న టాటాలే వీళ్ళు.

ధర 18,000 కోట్ల రూపాయలు. అందులో 2,700 కోట్లు నగదు. మిగతా 15,300 కోట్లకు బదులు కంపెనీ అప్పును టాటాలు నెత్తికెత్తుకున్నారు. ఇంకా 46,000 కోట్లకు పైగా అప్పు ప్రభుత్వం మీదే మిగిలింది.

ప్రభుత్వం అప్పు అంటే జనం అప్పు. సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను పడుతుంది. ఆ పన్ను ఖజానాకు చేరుతుంది. మర్కూక్‌లో ఒక్కసారి కూడా విమానం ఎక్కని మనిషి పైసా కూడా అందులో ఉంటుంది. పైన పోయే గాలిమోటరును చూసి చేయి ఊపే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలి.

చదివినవారు చర్చించండి

1. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా ఎవరిది?
2. ప్రేమ్ మాథుర్‌ను కంపెనీలు ఎందుకు కాదన్నాయి? మీ ఊళ్ళో ఆడవాళ్ళకు ఇవ్వని పనులు ఏమున్నాయి?
3. జనం సొమ్ముతో నడిచే సంస్థల లెక్కలు జనానికి తెలియాలా? ఎందుకు?